ఆరుగురికి సరిపడా చల్లదనం

పడకగది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. ఏసీ నడుస్తోంది. దాని కింద ఇద్దరు మనుషులు: ఇంటి కొడుకు, ఆ ఏసీని బిగించిన మెకానిక్.

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది కదా బాబూ. ఇంక నన్నెందుకు పిలిచారు?"

"అదే కంప్లైంటు."

"ఏది?"

"పనిచెయ్యడమే."

"అర్థం కాలేదు. చలి ఎక్కువైందా? రిమోట్ ఇటివ్వండి, తగ్గిద్దాం. ఇంత చిన్న గదికి రెండు టన్నుల ఏసీ పెడితే గడ్డకట్టుకుపోతారు మరి. ఆరోజే చెప్పాను మీ ఆవిడకి."

"తగ్గించడం కాదన్నా. రిమోట్‌తో అయ్యేదైతే మిమ్మల్నెందుకు పిలుస్తాను? ఉండండి, ఆ తలుపు వేసొస్తా."

"ఇంట్లో ఎవరూ లేరన్నారుగా?"

"లేరు. మా పెదనాన్న కూతురికి బాబు పుట్టాడు. చూడ్డానికి అందరూ ఆసుపత్రికి వెళ్ళారు. సాయంత్రం గాని రారు. మా ఆవిడ షాపుకి వెళ్ళింది. నేను సెలవు పెట్టాను."

"మరి తలుపెందుకు?"

"అలవాటు."

"సరే, వేశారు. ఇప్పుడు చెప్పండి."

"మంచినీళ్ళు తాగుతారా?"

"ఇందాక ఇచ్చారు కదా."

"పోనీ కాఫీ?"

"బాబూ, నాకింకా రెండిళ్ళున్నాయి. ఈ ఎండల్లో ఒక్క పూట ఫోనెత్తకపోతే జనం ఇంటికొచ్చి కొట్టేట్టున్నారు. చెప్పేదేదో చెప్పెయ్యండి."

"చెప్తా. దీన్ని... అంటే ఈ ఏసీని... కొంచెం..."

"కొంచెం?"

"పాడుచెయ్యాలి."

"ఏంటీ?"

"మెల్లిగా అనండి!"

"ఎవరూ లేరంటిరి కదా! పాడుచెయ్యాలా? నా చేత్తో నేను బిగించినదాన్నా?"

"పూర్తిగా కాదన్నా, కొన్నాళ్ళు. తిరుగుతున్నట్టే ఉండాలి, గాలి వస్తున్నట్టే ఉండాలి, చల్లబడకూడదు. ఇంట్లోవాళ్ళు అడిగితే ఏదో పార్టు పోయింది, ఊళ్ళో దొరకట్లేదు అని మీరు చెప్పాలి. నేను చెప్తే నమ్మరు."

"ఇన్నాళ్ళ నా సర్వీసులో బాగుచెయ్యమని కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళున్నారు గాని, పాడుచెయ్యమన్నవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా. కంపెనీ వాళ్ళకి చూపించి కొత్తది లాగుదామనా? అట్లాంటి పనులు నేను చెయ్యను, ముందే చెప్తున్నా."

"ఛ ఛ, అది కాదు."

"కరెంటు బిల్లా?"

"బిల్లు కూడా మా ఆవిడే కడుతోంది. అదీ కాదు."

"మరేంటి? నీళ్ళు నమలకండి."

"మీకు పెళ్ళయిందా అన్నా?"

"నాకా? మనవరాలు బడికి పోతోంది. ఎందుకు?"

"మాకు పెళ్ళై ఏడాది కూడా తిరగలేదు."

"ఊఁ."

"ఈ గది మాది."

"తెలుసు. బిగించిన రోజు ఇక్కడ పెద్ద మంచం ఉండేది. అవునూ, మంచమేదీ?"

"అటకెక్కింది."

"అంటే?"

"నిజంగానే అటకెక్కింది. ముక్కలు ముక్కలుగా విప్పి అటక మీద పెట్టాం. పరుపులన్నీ పరవాలి కదా, చోటు చాలలేదు."

"ఏ పరుపులు?"

"అక్కడికే వస్తున్నా. ఆ గోడ పక్కన మా నాన్న. ఆయన గురక వింటే కంప్రెసర్ పేలిపోతోందనుకుంటారు మీరు. ఆయన పక్కన నేను. ఆ తర్వాత మా అమ్మ, మోకాళ్ళకేదో నూనె రాసుకుంటుంది, గదంతా అదే కంపు. ఆ తర్వాత మా చెల్లి చిట్టి, అది దుప్పటి ముసుగేసుకుని ఫోను చూస్తుంది. ఆ తర్వాత మా నాన్నమ్మ. ఆవిడకి నిద్ర పట్టదు. నేను దాహమేసి లేచినా 'ఎవర్రా అదీ' అంటుంది."

"మరి మీ ఆవిడ?"

"నాన్నమ్మకి అవతల. ఆ చివర, కిటికీ కింద."

"మీరు ఈ మూల, ఆవిడ ఆ మూల."

"మధ్యలో మా వంశం మొత్తం."

"హహ్హహ్హ! అయ్యయ్యో! ఇదా సంగతి!"

"నవ్వకండన్నా. తల కొట్టేసినట్టుంది నాకు."

"నవ్వక ఏం చెయ్యమంటారు? పావుగంట నుంచి కాఫీ అంటారు, మంచినీళ్ళంటారు! ఇందులో సిగ్గెందుకు? పెళ్ళైన కొత్తలో ఎవరికైనా ఉండేదే."

"పరాయి మనిషికి చెప్పుకోవాల్సి వచ్చింది చూడండి, అదీ సిగ్గు."

"పరాయివాడికే చెప్పుకోగలం లెండి. మా పెళ్ళైన కొత్తలో మాకు ఒక్కటే గది. రాత్రి తిండి కాగానే మా అమ్మ పక్కింటావిడతో కబుర్లని చెప్పి వెళ్ళి మెట్ల మీద కూర్చునేది. వానొచ్చినా అంతే. మాకేమో అప్పుడు అదేం పట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకే మొహం చెల్లదు. మీ అమ్మగారితో ఒక ముక్క అంటే సరిపోతుంది కదా?"

"ఏమని? 'అమ్మా, మీరంతా బయటికి పొండి' అనా? అసలు వాళ్ళు చొరబడ్డారనుకుంటున్నారా మీరు? మా ఆవిడే పిలిచింది."

"ఆవిడే పిలిచిందా?"

"ఏసీ పెట్టిన రోజు రాత్రే. ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. 'మామ్మగారూ, మీరక్కడ హాల్లో ఉడికిపోతుంటే మేమిద్దరం ఇక్కడ చల్లగా పడుకుంటామా' అంది. మా అమ్మైతే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వీధి వీధంతా 'మా కోడలు బంగారం' అని చాటింపు. ఆ బంగారాన్ని కళ్ళారా చూసుకునే రాత నాకొక్కడికే లేదు."

"వానలు పడేదాకా ఓపిక పట్టండి. చల్లబడితే ఎవరి గదికి వాళ్ళు పోతారు."

"వానలెప్పుడు పడాలి? అప్పటిదాకా నేనేమైపోవాలి?"

"ఆవిడకీ ఉంటుంది కదా బాబూ మీకున్నట్టే. తనతో మాట్లాడి చూడలేకపోయారా?"

"ఎక్కడ మాట్లాడను? పొద్దున లేస్తే వంటింట్లో మా అమ్మ పక్కన. ఆ తర్వాత షాపు. ఇంటికొస్తే చిట్టి జడెయ్యమని కూర్చుంటుంది. రాత్రి సరే సరి. ఒంటరిగా దొరకదే! షాపుకి ఫోన్ చేస్తే కస్టమర్లున్నారంటుంది."

"ఏం షాపు?"

"కళ్ళజోళ్ళ షాపు. అద్దాలు మార్చి మార్చి అక్షరాలు చదివిస్తుంది. రోజంతా ఎవడెవడి కళ్ళల్లోకో చూస్తూ కూర్చుంటుంది."

"ఉద్యోగం అదే కదా మరి."

"ఉద్యోగమే. కాదన్నానా?"

"ఆ జీతంతోనే కదా ఇది కొంది. కష్టపడే పిల్ల."

"జీతం ఒక్కటీ ఎక్కడ సరిపోయింది? పుట్టింటివాళ్ళు పెట్టిన గొలుసు కూడా అమ్మేసింది. గొలుసేదే అని మా అమ్మ అడిగితే 'మెడలో ఉంటే నాకొక్కదానికే చల్లన, గోడకుంటే ఇంటిల్లిపాదికీ చల్లన అత్తయ్యా' అంది. అందరూ ఒకటే నవ్వు."

"నాకప్పుడే అనుమానం వచ్చింది, ఈ పిల్ల బేరం ఆడదేంటి అని. ఏసీ రేటొకటి, బిగించే ఖర్చు ఇంకొకటి. అది ముందు ఎవరికీ తెలీదు. రాగి పైపు ఇంత, బయట స్టాండు ఇంత, గోడకి బెజ్జానికింత, మీటరు నుంచి కొత్త వైరు, స్టెబిలైజరు... ఒక్కొక్కటీ చెప్తుంటే ఎంత ఉన్నవాళ్ళకైనా మొహం మాడిపోతుంది. పైపు దగ్గర గొడవపడని ఇల్లు లేదు. మీ ఆవిడేమో 'ఊఁ, ఇంకా?' అంటుంది. నాకే జాలేసి, 'అమ్మా, ఇద్దరికి ఒక టన్ను చాలు' అన్నాను. 'లేదు బాబాయ్ గారూ, ఆరుగురికి సరిపడా కావాలి' అంది."

"ఆరుగురికి అందా? కొనేటప్పుడే?"

"కొనేటప్పుడే. సరే, అట్లాగైతే హాల్లో పెట్టుకోండి, అందరూ అక్కడ పడుకుంటారు, మీ గది మీకుంటుంది అన్నా. వద్దంటే వద్దంది. మా గదిలోనే పెట్టండి అంది."

"చూశారా. నాకొక్క ముక్క చెప్పలేదు. బాబాయ్ గారూ అందా?"

"ఆఁ, నోరారా పిలిచింది."

"వరస కూడా కలిపేసిందన్నమాట."

"నా కూతురి వయసు. అంటే తప్పేముంది?"

"తప్పని ఎవరన్నారు? ఊరికే అడిగా. ఇంకేం మాట్లాడింది?"

"ఇంకేముంటాయి, పని మాటలు."

"చాలాసేపే పట్టిందిగా బిగించడం. టీ ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"తనే తెచ్చిందా, మా అమ్మ తెచ్చిందా?"

"టీ తాగానో లేదో గుర్తుంటుంది గాని ఎవరు తెచ్చారో నాకేం గుర్తుంటుంది బాబూ! ఏం ఉద్యోగం మీది?"

"గోడౌన్‌లో స్టాకు చూస్తాను. ఏం లోపలికొచ్చింది, ఏం బయటికెళ్ళింది, సరిచూసుకోవడమే పని."

"అదీ సంగతి. ఇంటికొచ్చినా ఆ రోగం వదల్లేదు మీకు."

"అంతే అనుకోండి. చేస్తారా మరి?"

"చేస్తాను లెండి. మీ మొహం చూస్తే ఏడుపొస్తోంది. ఆ బాల్కనీ తలుపు తియ్యండి. అబ్బ, ఏం ఎండరా నాయనా! ఈ డబ్బా దగ్గరికొస్తే కొలిమే. పట్టుకోండి ఈ మూత. ఇదిగో, ఈ వైరు చూశారా? ఇది ఊడదీస్తే లోపల గాలి వస్తుంది, లైట్లు వెలుగుతాయి, అంతా మామూలే. చల్లదనం మాత్రం రాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒక్క ఫోను కొట్టండి, వచ్చి పెట్టేస్తాను. మీరు వేలు పెట్టకండి, షాక్ కొడుతుంది."

"ఎంతివ్వమంటారు?"

"పాడుచేసినందుకు డబ్బు తీసుకుంటే నా చెయ్యి పడిపోతుంది. పిల్లో పిల్లాడో పుడితే స్వీటు పెట్టండి, చాలు. ఆవిడకి ముందే చెప్తారా?"

"లేదు. మంచం దించి, కొత్త దుప్పటి పరిచి, అప్పుడు చూపిద్దామని. నీలం రంగుది కొన్నాను, తనకిష్టం. నాలుగు షాపులు తిరిగాను."

"మంచివారే! పెళ్ళాం కోసం దుప్పటి వెతికిన మగాణ్ణి ఇన్నాళ్ళకి చూశా. అయింది. మూత బిగించేస్తే... ఎవరో వీధి తలుపు తీస్తున్నట్టున్నారే?"

"ఎవరూ రారే ఇప్పుడు."

"మామ్మగారూ! అత్తయ్యా! అప్పుడే వచ్చేశారా? బాబు ఎవరి పోలిక?"

"మా ఆవిడ! అన్నా, ఏం చెప్పాలో గుర్తుందిగా? పార్టు. ఊళ్ళో దొరకట్లేదు."

"గుర్తుంది, గుర్తుంది. మీరు ముందా చెమట తుడుచుకోండి, దొంగతనం చేసినట్టున్నారు."

"చిట్టీ, ఎక్కడున్నారే అందరూ? గది తలుపెందుకు వేశారు?"

"నేనే."

"మీరా."

"నేనే. ఇంకెవరనుకున్నావ్?"

"గుమ్మంలో చెప్పులుంటే మావయ్యగారివనుకున్నా. అత్తయ్యావాళ్ళు రాలేదా?"

"సాయంత్రం వస్తారు. లోపలికి రా."

"అయితే నేను... కింద టైలరు దగ్గర బట్టలిచ్చాను. అయ్యాయేమో చూసొస్తా."

"ఆగు. అప్పుడే వచ్చేశావేం?"

"షాపులో కరెంటు పోయింది. మిషన్లు నడవట్లేదని ఓనరమ్మ అందర్నీ పొమ్మంది. బిల్లులు రాసే అమ్మాయీ నేనూ కలిసి బస్సు దాకా నడిచాం. బస్సులో ముందు, ఆడవాళ్ళ పక్కనే కూర్చున్నా. దారిలో ఎక్కడా దిగలేదు. ఫోన్ చెయ్యలేదంటే చార్జింగ్ లేదు. ఇదిగో, కావాలంటే చూడండి."

"అదంతా నేనడిగానా?"

"లేదు."

"మరి? మనుషుల ముందు... ఇదిగో, మెకానిక్ వచ్చాడు. బాల్కనీలో ఉన్నాడు."

"నమస్తే అమ్మా."

"బాబాయ్ గారూ! మీరున్నారా! మంచినీళ్ళు తాగారా? ఏమైంది, ఎందుకొచ్చారు?"

"ఏసీ పాడైంది. అందుకని నేనే పిలిచాను."

"పాడవడమేమిటండీ? పొద్దున నేనే కదా ఆపింది. బాగానే ఉంది."

"ఇప్పుడు పాడైంది. వేస్తే ఉత్త గాలి వస్తోంది. కదన్నా?"

"ఆఁ... అవునమ్మా. ఏదో పార్టు."

"ఏ పార్టు? ఇవాళే తెప్పించండి."

"ఊళ్ళో దొరకట్లేదమ్మా."

"ఎక్కడ దొరికితే అక్కడ. పేరు కాగితం మీద రాసివ్వండి, నేను వెళ్ళి తెస్తాను."

"నువ్వెక్కడికెళ్తావ్?"

"పోనీ ఇంకేదైనా అద్దెకిస్తారా? పాతదైనా ఫరవాలేదు. మోత మోగినా ఫరవాలేదు. ఎంతైనా ఇస్తాను. చెవులవి ఉన్నాయి ఇంకా."

"అమ్మా, అంత కంగారెందుకు? నాలుగు రోజులు..."

"నాలుగు రోజులా? ఇవాళ రాత్రికి ఎలాగండీ? మామ్మగారు ఈ ఉక్కకి తట్టుకోలేరు."

"మా నాన్నమ్మ ఏసీ పుట్టకముందు పుట్టింది. ఆవిడకేం కాదు. అందరూ ఇదివరకట్లాగే ఎవరి చోట వాళ్ళు పడుకుంటారు. నేను మంచం దించుతా."

"మంచమా?"

"ఇప్పుడే దించి బిగిస్తా. ఇదిగో దుప్పటి చూడు. నీలం."

"బాగుంది. మంచానికి... మరలు లేవు."

"ఏ మరలు?"

"మంచం మరలే. విప్పినప్పుడు ఒక డబ్బాలో వేశాను. ఆ డబ్బా పారేశాను. పొరపాటున."

"పారేశావా?"

"పొరపాటునండీ."

"ఏ డబ్బా? ఎప్పుడు పారేశావ్? ఎవరికి చెప్పావ్? సరే, సరేలే. నేల మీద పడుకుందాం. మనిద్దరమే కదా."

"తలుపు తీసుంచుదామా అయితే?"

"మొగుడూ పెళ్ళాం తలుపు తెరుచుకుని పడుకుంటారా?"

"గాలి కోసం."

"బాబూ, ఒక్క నిమిషం ఇలా బాల్కనీలోకి వస్తారా?"

"మీ పనైపోయింది కదన్నా. మీరు వెళ్ళండి."

"బాబాయ్ గారూ, ఆగండి. నా మొహం చూసి చెప్పండి. ఏమైంది దానికి?"

"అమ్మా, అదీ..."

"మీకూ నా వయసు కూతురుందన్నారు ఆరోజు."

"ఏమీ కాలేదు తల్లీ. ఒక్క వైరు తీశాను. బాబే తియ్యమన్నాడు."

"అన్నా!"

"నా వల్ల కాదు బాబూ. మీరు చెప్పినప్పుడు సరదాగానే ఉంది. ఇప్పుడా పిల్లని చూడండి, గడప దాటి లోపలికి రావట్లేదు."

"అవును, నేనే తియ్యమన్నా! నవ్వుకో. పెళ్ళాంతో ఒక్క మాట మాట్లాడ్డానికి సొంతింట్లో ఏసీ పాడుచేయించుకున్న మొగుణ్ణి. పరాయివాడి ముందు సిగ్గూ లజ్జా వదిలేసి, మధ్యలో మా నాన్నమ్మ పడుకుంటోందని చెప్పుకున్నా. మనిద్దరం తలుపేసుకుని మాట్లాడుకుని ఎన్నాళ్ళైందో నీకసలు గుర్తుందా?"

"గుర్తుంది. అన్నాళ్ళూ నిద్రపోయాను."

"ఏంటీ?"

"ఏం లేదు."

"ఏమన్నావ్? మళ్ళీ అను."

"నిద్రపోయానన్నాను. ఈ ఇంటికొచ్చాక నేను కడుపునిండా నిద్రపోయింది ఈ ఏసీ పెట్టాకే."

"నేను వెళ్తానమ్మా. మీలో మీరు..."

"వెళ్ళకండన్నా. మీరున్నారనేగా ఇట్లా మాట్లాడుతోంది! అడగండి. నేను ఏనాడైనా ఒక్క దెబ్బ కొట్టానేమో మీరే అడగండి. నాకు తాగుడు లేదు, తిరుగుడు లేదు. అడగండి."

"కొట్టలేదు బాబాయ్ గారూ."

"విన్నారా?"

"అడుగుతారు. అంతే."

"అడగడం తప్పా? రోజంతా ఏం చేశావని పెళ్ళాన్ని అడగడం కూడా తప్పేనా ఈ లోకంలో?"

"తెల్లారేదాకా అడుగుతారు. షాపుకెవరొచ్చారు, ఎంతసేపు కూర్చున్నారు, నేను నవ్వానా, ఎందుకు నవ్వాను. అంతా చెప్పాక మళ్ళీ మొదట్నుంచి. ఒక్క ముక్క అటూ ఇటూ అయిందా, ఇందాక అట్లా అన్నావు, ఇప్పుడిట్లా అంటున్నావే అంటారు. గొంతు పెంచరు. పక్కగదికి వినపడదు. అత్తయ్యతో ఏమని చెప్పుకోను? మీ అబ్బాయి నన్ను అడుగుతున్నాడనా? ఎవరైనా నవ్విపోతారు. అందరి ముందూ ఎంత బాగుంటారో ఈయన! అందుకే అందర్నీ తెచ్చి పడుకోబెట్టుకున్నా. ఎండలొచ్చాయి కాబట్టి సాకు దొరికింది. వానలు పడితే ఏం చెయ్యాలో ఇంకా ఆలోచించుకోలేదు."

"చెప్పిందా, అయిందా? ఇంత చిన్నదాన్ని ఎంత చేసిందో చూశారా అన్నా? మొగుడూ పెళ్ళాం కబుర్లండీ అవి. ఊరికే సరదాకి అడుగుతాను. మీరే వినండి, ఇందులో ఏముందో. ఏమేవ్, ఈయన ఏసీ బిగించడానికి వచ్చిన రోజు ఏం జరిగింది? చూడండి, ఎంత మామూలు ప్రశ్నో."

"పొద్దున వచ్చారు. అత్తయ్య హాల్లో ఉన్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, లోపలికి రాలేదు. మంచినీళ్ళు అత్తయ్య ఇచ్చారు. టీ నేను తెచ్చాను. బల్ల మీద పెట్టాను, చేతికివ్వలేదు. బాబాయ్ గారూ అని పిలిచాను. ఏసీ గురించే మాట్లాడాను. నవ్వలేదు. కాదు, ఒక్కసారి నవ్వాను. గోడకి బెజ్జం పెడుతుంటే దుమ్ము ఆయన మీసాల మీద పడి తెల్లగా అయిపోయాయి. అందుకు నవ్వాను. అత్తయ్య కూడా నవ్వారు. ముందు అత్తయ్యే నవ్వారు. వెళ్ళేటప్పుడు తలుపు చిట్టి వేసింది, నేను..."

"అమ్మా! అమ్మా, ఆపు తల్లీ! నాకెందుకు చెప్తున్నావు ఇదంతా?"

"మీకు కాదండీ. అడిగితే వచ్చేస్తుంది. అలవాటు."

"అన్నా, మీరు ఇంకోలా అనుకోకండి."

"ఎట్లా అనుకోవాలో నాకు తెలియట్లేదు బాబూ."

"ప్రేమతోనే కదా అడుగుతాను. ఆ మాత్రం పట్టించుకోకపోతే అది వేరేలా అనుకోదూ? మొహం అలా తిప్పుకుంటారేం? ఇందాక మీరూ నవ్వారు కదా!"

"అందుకే సిగ్గేస్తోంది. ఆ పిల్లకున్న ఒక్క ఆసరా నా చేత్తో ఊడదీశాను. పైగా స్వీటు పెట్టమన్నాను."

"సరే. అందరూ కలిసి నన్నేదో రాక్షసుణ్ణి చేస్తున్నారు. వైరు పెట్టెయ్యండి. పెట్టేసి వెళ్ళండి."

"పెడుతున్నా. ఆ మూత పట్టుకోండి. వద్దులెండి, నేనే పట్టుకుంటా."

"నువ్వక్కడే నిలబడ్డావేం? లోపలికొచ్చి కూర్చో. ఏమీ అననులే."

"ఇక్కడ బాగానే ఉందండీ."

"అయిందమ్మా. ఇదిగో, చల్లగాలి వస్తోంది. చెయ్యి పెట్టి చూడు."

"వస్తోంది."

"ఇంకేం? ఏసీ బాగైంది, అందరికీ సంతోషం. అన్నా, ఇందాకట్నుంచి రెండిళ్ళు, రెండిళ్ళు అంటున్నారు, మీకు ఆలస్యమవుతోంది. బయల్దేరండి. అది మీ ముందు చెప్పలేక ఏవేవో అనేసింది. నేనూ మా ఆవిడా కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుంటాం. సాయంత్రందాకా టైముందిగా. వెళ్తూ వెళ్తూ ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యండి."

"వస్తానమ్మా మరి. నేను చెయ్యగలిగింది ఇంతే."

"బాబాయ్ గారూ."

"చెప్పమ్మా."

"అత్తయ్యావాళ్ళు వచ్చేదాకా మీరిక్కడే కూర్చుంటే ఎంతవుతుంది?"